బుట్టతో నిప్పునార్పినవాళ్ళు



ప్రతి ఏడూ ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారని మీకు తెలుసు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడకు నిప్పంటుకుంది. ఆ ఓడలో పత్తి బేళ్ళూ ఉన్నాయి, మందుగుండూ ఉంది. ఆర్పడానికి పోయిన ఫైరు సిబ్బంది ఎందరో ఓడ పేలిపోయి చనిపోయినారు. వాళ్ళ జ్ఞాపకంగా ఈ వారం జరుపుతున్నారు. అందుచేత ఈసారి గోడపత్రికలో నిప్పు గురించి తలా ఒక వ్యాసం రాయమని సైన్సు సారు చెప్పినారు. ఒకరు ఫైరింజను తీసుకున్నారు, ఒకరు గ్యాసు సిలిండరు తీసుకున్నారు. నేను బుట్ట గురించి రాస్తానన్నాను.

క్లాసంతా నవ్వింది. "బుట్టలో నీళ్ళు నిలుస్తాయా?" అని ఒకరు. "బుట్టలోళ్ళకు బుట్ట తప్ప ఇంకేం తెలుసులే" అని ఇంకొకరు. ఎవరన్నారో రాయను, మనమంతా ఒకే గదిలో పడుకునేవాళ్ళం. కానీ ఆ రెండు మాటలకూ జవాబు చెప్పాలనే ఈ వ్యాసం కాస్త పొడుగైంది. ఓపికగా చదవగలరు.

ముందు మొదటి మాట. బుట్టలో నీళ్ళు నిలుస్తాయా?

నిప్పు మండాలంటే మూడు కావాలని 8వ తరగతిలోనే చదివినాం: మండే వస్తువు, వేడి, గాలి. మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా నిప్పు ఆరిపోతుంది. నీళ్ళు ముఖ్యంగా వేడిని తీసేస్తాయి. 10వ తరగతి వాళ్ళకు ఈ లెక్క వచ్చే ఉంటుంది. 30 డిగ్రీల దగ్గరుండే ఒక గ్రాము నీరు 100 డిగ్రీలకు కాగాలంటే 70 కెలోరీలు చాలు. అదే గ్రాము నీరు ఆవిరి కావాలంటే ఇంకా 540 కెలోరీలు మింగుతుంది. అంటే నిప్పు మీద పడి ఆవిరైన నీరే అసలు పని చేస్తుంది, కింద పడి పారిపోయిన నీరు చేసేది తక్కువ. పైగా ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల ఆవిరి అవుతుంది. అది మంట చుట్టూ ఉండే గాలిని పక్కకు నెట్టేస్తుంది. కాబట్టి ఒక పెద్ద బిందెడు నీళ్ళు ఆలస్యంగా ఒకేచోట కుమ్మరించడం కన్నా, చిన్న చిన్న పాత్రలతో పదిమంది వెంటవెంటనే చల్లడం మేలు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

పాత్ర చిన్నదిగా, తేలికగా, ఎక్కువ సంఖ్యలో ఉండాలి. కింద పడినా పగలకూడదు. కడవ పగులుతుంది. ఇత్తడి బిందె బరువు, ఇంటికి ఒకటో రెండో ఉంటాయి. ప్లాస్టిక్ లేని కాలంలో ఈ గుణాలన్నీ ఉన్నది అల్లిన పాత్రకే. ఇక మిగిలింది కారిపోవడం ఒక్కటే.

కారకుండా చేయడానికి మనుషులు రకరకాల ఉపాయాలు కనిపెట్టినారు. అమెరికాలో కాలిఫోర్నియా ప్రాంతపు ఆదివాసులైన పోమో వాళ్ళు ఏ పూతా లేకుండానే నీళ్ళు నిలిచేంత బిగువుగా బుట్టలు అల్లేవాళ్ళు. తడిస్తే నార ఉబ్బి సందులు మూసుకుపోతాయి. ఆ బుట్టలో నీళ్ళు పోసి, కాల్చిన రాళ్ళు వేసి, అందులోనే జావ వండుకునేవాళ్ళు. బుట్టలో వంట! ఇది చదివినప్పుడు నేను కూడా నమ్మలేదు. తర్వాత మన క్లాసులో చేసిన కాగితం దొన్నె ప్రయోగం గుర్తొచ్చింది. కాగితం దొన్నెలో నీళ్ళు పోసి కొవ్వొత్తి మంట మీద పట్టుకుంటే నీళ్ళు కాగుతాయి గానీ దొన్నె కాలదు. కాగితం అంటుకోవాలంటే 230 డిగ్రీల దాకా వేడెక్కాలి. లోపల నీళ్ళున్నంతసేపు అవి 100 దాటనివ్వవు. తడి బుట్ట నిప్పు దగ్గరకు పోయినా వెంటనే అంటుకోకపోవడానికీ ఇదే కారణం.

రెండో ఉపాయం పూత. దీనికి మన తెలుగుదేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. తుంగభద్ర మీద, కృష్ణ మీద తిరిగే పుట్టి మీలో కొందరు చూసే ఉంటారు. అది వెదురుతో అల్లిన పెద్ద బుట్టే కదా! పూర్వం దానికి బయట తోలు కప్పేవాళ్ళు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టలు కప్పి తారు పూస్తున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన, గుండ్రటి బుట్టల్లాంటి పడవల్లో జనం, గుర్రాలు, ఎద్దులు కూడా నది దాటడం చూసి రాసి పెట్టినాడు. నదిలోని నీళ్ళను బయటే ఆపగలిగిన బుట్ట, బిందెడు నీళ్ళను లోపల ఆపలేదా? పని రెండింటిలోనూ ఒకటే.

మూడో ఉపాయం ఆకు. తాటాకు అల్లనక్కర లేకుండా మడతలతోనే పుడుతుంది. పచ్చి ఆకు కోసి కొద్దిగా వాడబెట్టి, కొసలన్నీ ఒకచోటికి చేర్చి ముడివేసి, నోటికి అడ్డంగా పుల్ల కట్టి తాడు తగిలిస్తే నీళ్ళు తోడే బొక్కెన తయారు. బావి గోడకు తగిలినా పగలదు. దక్షిణాన తమిళ దేశంలో తాటిచెట్లున్న చోటల్లా ఇట్లాంటి బొక్కెనలతో తోటలకు నీళ్ళు పోసేవాళ్ళు. మనం ముంజెల కాలంలో తాటాకు మడిచి నీళ్ళు తాగుతాం కదా, అదే పెద్దది చేస్తే ఇది.

ఇక నాలుగోది ఉపాయం అని కూడా అనలేం. కొంచెం కారితే కారనీ అనుకోవడమే. మన పెద్దవాళ్ళు గుంటలోంచి మడికి నీళ్ళెత్తడానికి గూడ వేసేవాళ్ళు. బుట్టకు రెండువైపులా తాళ్ళు కట్టి, అటొకరు ఇటొకరు నిలబడి ఊపుతా నీళ్ళు ఎత్తిపోయడం. గూడను వెదురుతోనో తాటాకుతోనో చేసేవాళ్ళు, తర్వాత రేకు వచ్చింది. అది కారేది. అయినా నీళ్ళు అందులో ఉండేది రెండు మూడు క్షణాలే, ఆ కాస్తలో కారేదెంత? బుట్ట నీళ్ళను దాచిపెట్టనక్కర లేదు, చేర్చితే చాలు. నిప్పు దగ్గర కూడా ఇదే లెక్క.

ఇప్పుడు రెండో మాటకు వస్తాను. బుట్టలోళ్ళకు బుట్ట తప్ప ఏం తెలుసు అన్న మాట. దీనికి జవాబు ఇక్కడ కాదు, రెండు వేల ఏళ్ళ వెనక రోములో దొరికింది. చరిత్ర సారు ఇచ్చిన పుస్తకంలో మొదట చదివి, తర్వాత ఇంకా వెతికి తెలుసుకున్నాను.

రోము అప్పుడు ప్రపంచంలోనే పెద్ద పట్టణం. సామాన్యులు ఉండేది ఇరుకు సందుల్లో, కొయ్య దూలాలతో అంతస్తు మీద అంతస్తు కట్టిన ఇళ్ళల్లో. రాత్రంతా నూనె దీపాలు, కుంపట్లు. నిప్పు పడని రోజు తక్కువ. క్రాసస్ అనే మహా ధనవంతుడు ఇట్లాంటి ఇళ్ళ మీదే ఆస్తి పెంచుకున్నాడని ప్లూటార్క్ రాసినాడు. ఇల్లు మండుతా ఉంటే ఆ ఇంటినీ, పక్క ఇళ్ళనూ భయంలో ఉండే యజమానుల దగ్గర చవకగా కొనేవాడు. తర్వాత తన దగ్గరుండే 500 మందికి పైగా బానిస పనివాళ్ళతో మళ్ళీ కట్టించేవాడు. చూడండి, ఇల్లు కాలేవాడి కడుపుమంట ఒకడికి బేరం అయింది. తర్వాత ఎగ్నాటియస్ రూఫస్ అనే అధికారి తన మనుషులతో నిప్పులార్పించి జనంలో మంచి పేరు సంపాదించినాడు. అట్లా పేరొచ్చిన మనిషి రాజుకు నచ్చుతాడా? తర్వాత కుట్ర చేసినాడని అతన్ని చంపించినారు.

చివరకు క్రీ.శ. 6వ సంవత్సరంలో అగస్టస్ చక్రవర్తి నిప్పు కోసమే ఒక దళం పెట్టినాడు. వాళ్ళ పేరు విజిలీస్, అంటే మేలుకొని కాపలా కాసేవాళ్ళు. పట్టణంలో 14 వార్డులు. 7 దళాలు. ఒక్కో దళానికి రెండు వార్డులు. మొదట దళానికి దాదాపు 500 మంది, తర్వాత 1,000 మంది దాకా పెరిగినారు. రాత్రిపూట వీధులు తిరిగి ఎక్కడ పొగ కనిపించినా అక్కడికి పరుగెత్తడం వాళ్ళ ఉద్యోగం. ఓస్టియా అనే రేవు పట్టణంలో వాళ్ళుండిన కట్టడం శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. మన హాస్టలు మాదిరే నడుమ ముంగిలి, చుట్టూ గదులు.

వాళ్ళ సామాను ఏందో వినండి. గొడ్డళ్ళు, మండే కప్పును లాగేసే కొక్కేల గడలు, చేతితో కొట్టే పంపులు. పాత గుడ్డలు కుట్టిన బొంతలు కూడా. నిజంగా బొంతలే! వాటిని తడిపి మంట మీద కప్పేవాళ్ళు, పులిసిన ద్రాక్షరసంలో కూడా నానబెట్టేవాళ్ళు. వీటన్నిటికన్నా ముఖ్యమైనవి బకెట్లు. ఆ బకెట్లు ఇనుపవి కావు, తోలువి కావు. ఎస్పార్టో అనే గడ్డి స్పెయిన్లోనూ ఆఫ్రికా ఉత్తరాన ఎండు నేలల్లోనూ పెరుగుతుంది. మన బోదగడ్డి కన్నా గట్టిది. ఆ గడ్డిని తాడుగా పేని, తాడును బుట్టగా అల్లి, చెట్టు జిగురు కాచిన నల్లటి తారు పూసి నీళ్ళు నిలిచేటట్లు చేసేవాళ్ళు. తేలిక, పగలదు, చవక, వందలకొద్దీ అల్లించవచ్చు. నేను పైన చెప్పిన గుణాలన్నీ సరిపోయినాయి కదా. బావి నుండి ఇంటి దాకా మనుషులు వరుసగా నిలబడి బుట్టలు చేతులు మార్చుకుంటా అందించేవాళ్ళు.

ఆ గడ్డిని లాటిన్ భాషలో స్పార్టం అంటారు. దాన్ని బట్టి జనం ఈ దళంవాళ్ళకు స్పార్టియోలి అని ఎగతాళి పేరు పెట్టినారు. మన భాషలో చెప్పాలంటే గడ్డిబకెట్లోళ్ళు. ఎందుకంటే ఆ దళంలో చేరినవాళ్ళు ఎక్కువమంది బానిసత్వం నుండి విడుదలైనవాళ్ళు. పెద్దింటి బిడ్డలు ఆ పనికి రారు. నిప్పు పడినప్పుడు తలుపు తీసి పిలుస్తారు, నిప్పు ఆరినాక గడ్డిబకెట్లోడా అంటారు. క్రీ.శ. 24లో ఒక చట్టం వచ్చింది. ఈ దళంలో ఆరేళ్ళు పనిచేస్తే, పూర్తి హక్కుల్లేని ఆ విడుదలైనవాళ్ళకు రోము పౌరసత్వం ఇవ్వాలని. తర్వాత ఆ ఆరేళ్ళను మూడేళ్ళకు తగ్గించినారు. గడ్డిబకెట్ మోసిన చెయ్యే వాళ్ళకు హక్కు తెచ్చిపెట్టింది.

అయితే బుట్టను ఊరికే పొగడకూడదు. క్రీ.శ. 64లో నీరో కాలంలో రోముకు పెద్ద నిప్పు పట్టింది. అప్పటికి ఈ దళం పుట్టి 58 ఏళ్ళు. అయినా 14 వార్డుల్లో మూడు పూర్తిగా నేలమట్టం, ఏడు చాలా దెబ్బతిన్నాయి, నాలుగే మిగిలినాయి. గాలి తోడై నిప్పు పెద్దదయినాక బుట్టతో పని లేదు. బుట్ట పని మొదటి కొన్ని నిమిషాలదే. ఆ కొన్ని నిమిషాల్లో దాని పని చేసేది ఇంకోటి లేదు. ఐరోపాలో జర్మన్ మాట్లాడే దేశాల్లో కూడా చాలాకాలం తర్వాత దాకా గడ్డితో అల్లి తారు పూసిన నిప్పు బకెట్లు వాడినారు, ఇప్పుడవి మ్యూజియంలలో ఉన్నాయి.

రోము నుండి మన దగ్గరకు వస్తాను. మన యెరుకల వాళ్ళల్లో చాలా శాఖల పేర్లు చేసే పనిని బట్టి వచ్చినవే. వెదురు చీల్చిన దబ్బలతో బుట్టలల్లేవాళ్ళు దబ్బ యెరుకల. ఈత పుల్లలతో అల్లేవాళ్ళు ఈతపుల్లల యెరుకల. ఉప్పు మోసి అమ్మినవాళ్ళు ఉప్పు యెరుకల. కరివేపాకు అమ్మినవాళ్ళు కరివేపాకు యెరుకల. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసే వ్యాపారం రైళ్ళు వచ్చినాక, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చినాక దెబ్బతినింది. బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చిన నేరస్త జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో యెరుకల వాళ్ళ మీద కూడా వాడినారు. పుట్టినందుకే వేలిముద్రలు, హాజరు. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. చట్టం పోయినా నోళ్ళలో మాట పోలేదు. బుట్టలోళ్ళు అన్న మాట వినినప్పుడల్లా మా అవ్వ ఏమీ అనదు. నాకే మండుతుంది.

మా అవ్వ అల్లేది చూస్తే అది చదువు కాదని ఎవరూ అనరు. వెదురును ముందు నీళ్ళల్లో నానబెడుతుంది. "తడిసిన వెదురు మాట వింటాదిరా, ఎండింది ఎదురు తిరుగుతాది" అంటుంది. అడుగు ముందు. నిలువు బద్దలు లావుగా, అడ్డం దబ్బలు పల్చగా. ధాన్యం గంపకు ఒక బిగువు, మన్ను తట్టకు ఇంకో బిగువు, కోళ్ళ గంపకు గాలాడే సందులు. మన్ను మోసే తట్టకు అంచు రెండుసార్లు కడుతుంది, ఎందుకంటే చెయ్యి పడేది అంచు మీదే. వెదురు దొరకకపోతే వావిలి బరికెలు, కంది కట్టెలు. చేటకయితే మెంతులూ కాగితమూ నానబెట్టి రుబ్బిన గుజ్జు పూస్తుంది, నూకలు జారకుండా.

నేను 5వ తరగతిలో ఉన్నప్పుడు మా కాలనీలో మా చిన్నాయన కొట్టానికి నిప్పంటుకుంది. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. పొయ్యిలో నిప్పురవ్వ లేచి తాటాకు కప్పుకు తగిలింది. ఎండిన తాటాకు ఎట్లా మండుతుందో మీలో కొట్టాల్లో పెరిగినవాళ్ళకు చెప్పనక్కర లేదు. పచ్చిగా ఉంటే బొక్కెన అయ్యే ఆకే ఎండితే కాగడా. బోరింగు ఒక్కటే. పది సార్లు కొడితే బిందె నిండుతుంది, అప్పటికి మంట దూలం దాకా వచ్చింది. పక్కనే ఒకరు ఇల్లు కట్టుకుంటా ఇసుక తోలించినారు. సంతకు తీసుకుపోవాలని అవ్వ అల్లి పెట్టిన కొత్త తట్టలు మా అరుగు మీద ఉన్నాయి. అవ్వ ఆ తట్టలు వీధిలోకి విసిరేసింది. ఆడవాళ్ళు వాటితో ఇసుక ఎత్తి మంట మీద పోసినారు. మగవాళ్ళు దోటి కొక్కేలతో పక్క కొట్టం కప్పు లాగి కింద పడేసినారు. ఫైరింజను వచ్చేటప్పటికి చిన్నాయన కొట్టం బూడిద. పక్క నాలుగు కొట్టాలు మిగిలినాయి.

ఇక్కడ బుట్ట కారుతుందా లేదా అన్న ప్రశ్నే రాలేదు, ఎందుకంటే ఇసుక కారదు. ఇసుక వేడిని కొద్దిగా తీసుకుంటుంది, ముఖ్యంగా గాలిని ఆపుతుంది. అంటే మూడింటిలో రెండో దారి. తడి ఇసుకయితే రెండు పనులూ చేస్తుంది.

ఆ రోజు పదకొండు తట్టలు పాడైపోయినాయి. అంచులు మాడినాయి, కొన్ని తొక్కుడుకు విరిగినాయి. ఆ వారం అవ్వ సంతకు పోలేదు. ఎవరూ డబ్బులిస్తామనలేదు, ఆమె అడగలేదు. "తట్ట పోతే ఇంకోటి అల్లుకుంటా. కొట్టం ఎవురు అల్లిస్తారు?" అనింది. చిన్నాయన ఇంట్లో గింజలు, గుడ్డలు పోయినందుకన్నా రేషను కార్డు, మా తమ్ముడి కుల ధ్రువపత్రం కాలిపోయినందుకు ఎక్కువ ఏడ్చినారు. ఆ పత్రం మళ్ళీ చేతికి వచ్చేటప్పటికి హాస్టలు సీట్లు అయిపోయినాయి. వాడు ఒక ఏడు ఆలస్యంగా చేరినాడు. అందుకే నేను ఈ వ్యాసాన్ని తేలికగా రాయలేకపోతున్నాను.

మా అన్న శ్రీ సిటీలో కాంట్రాక్టు పని చేస్తాడు. మీకందరికీ తెలిసిన చోటే. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైంది, అప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుండి తిరుపతి జిల్లా. అక్కడ ఫ్యాక్టరీలో పనిలో చేరిన మొదటి రోజే నిప్పు పడితే ఏం చేయాలో నేర్పించినారంట. ఎర్ర సిలిండర్లు, గొట్టాలు, నీళ్ళ పైపులు అన్నీ ఉన్నాయి. అయినా గోడకు ఇసుక నింపిన ఎర్ర బకెట్లు వరుసగా తగిలించి ఉన్నాయని అన్న చెప్పినాడు. ఇంత పెద్ద ఫ్యాక్టరీలో కూడా చివరకు బకెట్ ఇసుకే!

ఆ ఎర్ర బకెట్ గురించి ఒక ముచ్చట. దాని అడుగు చదునుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. పట్టేది సుమారు 9 లీటర్లు. అడుగున ఇంకో పిడి కూడా ఉంటుంది, ఒక చేత్తో పైన, ఒక చేత్తో కింద పట్టుకొని విసరడానికి. అడుగు గుండ్రంగా ఎందుకంటే, నేల మీద పెడితే నిలబడదు. నిలబడకపోతే ఎవరూ దాన్ని బట్టలు ఉతకడానికి, స్నానానికి ఎత్తుకుపోరు. మన మనస్తత్వం తెలిసినవాళ్ళే చేసుంటారు! గంప అడుగు కూడా గుండ్రమే, కాకపోతే అది తల మీద నిలవడానికి.

తేలికగా, మడిచే వీలుగా ఉండే పాత్ర అన్న ఆలోచన ఇప్పుడు ఆకాశానికి కూడా ఎక్కింది. 1982లో కెనడా దేశపు డాన్ ఆర్నీ అనే ఆయన హెలికాప్టరుకు వేలాడదీసే, మడిస్తే చిన్నదయ్యే బకెట్ కనిపెట్టినాడు. దాన్ని బాంబీ బకెట్ అంటారు. 2016లో ఉత్తరాఖండ్ అడవులు మండినప్పుడు మన వైమానిక దళం భీమ్‌తాల్ చెరువులో దీన్ని ముంచి నీళ్ళు తీసుకుపోయి మంటల మీద పోసింది. మనకు దగ్గర్లోనే 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవి మండినప్పుడు కూడా హెలికాప్టర్లు వచ్చినాయి. కానీ అడవిలో నేల మీద నిలబడి పచ్చి కొమ్మలతో బాది, ఎండుటాకు ఊడ్చి దారి కొట్టి మంటను ఆపేవాళ్ళు ఎప్పుడూ ఉండాల్సిందే.

ఇక మన హాస్టలు సంగతి. వార్డెన్ సారు కోప్పడరని రాస్తున్నాను. మన వంటగది పక్కన గోడకు నాలుగు ఎర్ర బకెట్లు ఉన్నాయి. ఒకదాంట్లో ఇసుక ఉంది. రెండింట్లో చాక్లెట్ కాగితాలు, పెన్సిలు చెక్కిన పొట్టు ఉన్నాయి, అది మన పనే. నాలుగో దాని అడుగు తుప్పు పట్టి చిల్లు పడింది. క్లాసులో బుట్ట కారుతుందని నవ్వినారు కదా, ఆ ఇనుప బకెట్లో పిడికెడు ఇసుక కూడా నిలవదు.

సైన్సు సారు అనుమతితో మేం ఆరుగురం పోయిన ఆదివారం ఒక పరీక్ష చేసినాం. బోరింగు నుండి వంటగది తలుపు దాకా 60 అడుగులు. అవ్వ ఇచ్చిన పాత తట్టలో ఏ పూతా లేకుండా నీళ్ళు పోసి ఒక్కరమే పరుగెత్తితే తలుపు దగ్గరకు చేరేటప్పటికి సగం కూడా మిగల్లేదు. తట్టను ముందు రాత్రి నానబెట్టి, లోపల తాటాకు పరిచి, ఆరుగురం వరుసగా నిలబడి చేతులు మార్చుకుంటే ముప్పాతిక భాగం చేరింది. ఇసుకయితే మొత్తం చేరింది. అయితే ఇసుక తట్ట నిండా పోస్తే 7వ తరగతి వాళ్ళు ఎత్తలేకపోయినారు. లీటరు పట్టే చోట ఇసుక సుమారు కిలోన్నర పైగా తూగుతుంది. పది లీటర్ల తట్ట నిండితే 16 కిలోలు. కాబట్టి చిన్నవాళ్ళకు సగమే పోయాలి. తట్టలో ఇసుక నింపి పెట్టి ఉంచకూడదు, అడుగు నేలకు తగిలి చెదలు పడతాయి. ఇసుక కుప్పగా ఉండాలి, తట్టలు బోర్లించి పక్కన ఉండాలి.

కొన్ని జాగ్రత్తలు కూడా రాయకపోతే వ్యాసం తప్పుదారి పట్టిస్తుంది. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పోయనే కూడదు. నీళ్ళు నూనె కిందికి పోయి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను పైకి చిమ్ముతాయి. పొయ్యి ఆపి పెద్ద మూత కప్పాలి, లేదా బాగా తడిపి పిండిన గోనెసంచి మెల్లగా కప్పాలి, రోము వాళ్ళ బొంత మాదిరి. కరెంటు వల్ల నిప్పు పడితే ముందు మెయిన్ ఆపించాలి, నీళ్ళు వద్దు, ఇసుకే. గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయకూడదు, తీయకూడదు, తలుపులు తెరిచి పెద్దవాళ్ళను పిలవాలి. ఒంటి మీద గుడ్డలు అంటుకుంటే పరుగెత్తకూడదు, నేల మీద దొర్లాలి. మంట తలెత్తు దాటితే తట్టలు పడేసి బయటకు రావాలి, చిన్నవాళ్ళను లెక్కపెట్టుకోవాలి. 101కి గాని 112కి గాని ఫోను చేయించాలి. బుట్ట ఉంది కదా అని వీరత్వానికి పోకూడదు, అది మొదటి నిమిషాల పనిముట్టు మాత్రమే.

మన వంటగది వెనక కట్టెల కుప్ప పక్కన ఇప్పుడు ఇసుక పోయించడానికి వార్డెన్ సారు ఒప్పుకున్నారు. వాన పడితే కొట్టుకుపోకుండా చుట్టూ ఇటుకలు పెట్టాలి. అవ్వ ఆరు తట్టలు అల్లి ఇస్తానంది, అంచు రెండు కట్లు, పిల్లల చేతికి సరిపోయేటట్లు చిన్నవి. డబ్బు వద్దంటుంది గానీ, పదకొండు తట్టల సంగతి వినినాక సార్లు తలా కొంత వేసుకొని వెల ఇస్తామన్నారు. నాలుగు అయినాయి. రెండింటికి వెదురు చాలలేదు. ఈ శనివారం అమ్మానాన్నలు చూడను వచ్చేటప్పుడు ఎవరి ఇంట్లోనయినా వావిలి బరికెలు ఉంటే ఒక మోపు తెచ్చేటట్లు చెప్పగలరు. పచ్చివయితే మేలు, ఎండినవి అవ్వ తీసుకోదు.